యల్లాప్రగడ సుబ్బారావు

ఓడరేవునకును, ఉక్కు కర్మాగారమునకును ప్రసిద్ధి కెక్కిన విశాఖపట్టణములో నేడు గుండెజబ్బు గలవారి రక్తనాళములను వైద్యులు ఎక్స్‌రే కిరణములతో పరీక్షింతురు. చేతి నుండి గాని తొడ నుండి గాని సన్నని గొట్టమును గుండె దాపునకు పంపి, మందు చిమ్మి, నాళము ఎచ్చట మూసికొనినదో చూతురు. ఈ పరీక్ష వలన గుండె కండరమునకే కంటికి కానరాని హాని కలుగునా? దీనిని తెలిసికొను మార్గములలో ఒకదానికి మూలము, ఒక తెలుగువాడు కనుగొనిన పదార్థము.

ఆయన యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895 జనవరి 12వ తేదీన భీమవరములో జన్మించిరి. తండ్రి మరణించగా, తల్లి వెంకమ్మ గారు పేదరికమును లెక్కచేయక చదివించిరి. మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించినందున ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టముతో తృప్తిపడవలసి వచ్చెను. అయినను వెనుదీయక, అమెరికాలోని బోస్టను నగరము చేరి, ఆసుపత్రిలో చిన్న పనులు చేయుచు హార్వర్డులో చదివిరి.

అచ్చట సైరస్ ఫిస్కె గారితో కలిసి, భాస్వరమును రంగును బట్టి కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. ఆ పద్ధతిని కండరమును పరీక్షించుచుండగా రంగు ఆలస్యముగా వచ్చెను. దానిని పొరపాటని త్రోసిపుచ్చక కారణమును వెదకిరి. సులభముగా విడిపోవు పదార్థమొకటి కండరములో దాగియున్నదని 1927లో తేల్చిరి. అదియే ఫాస్ఫోక్రియాటిన్. కండరము పనిచేయునపుడు అది తగ్గును. విశ్రమించునపుడు మరల నిండును. గుండెకును అది శక్తినిధి.

ఈ పదార్థముపై పనిచేయు క్రియాటిన్ కైనేజ్ అను ఎంజైము కండరకణములలో నుండును. కణము దెబ్బతిన్నచో అది నెత్తురులోనికి జారును. 1960 ప్రాంతము నుండి వైద్యులు దానిని కొలిచి గుండె గాయమును గుర్తింపసాగిరి. నేడు అంతకంటె సూక్ష్మమగు ట్రోపోనిన్ పరీక్ష ఎక్కువగా వాడుకలో నున్నది. నాళపరీక్ష పిదప కొందరి నెత్తురులో ఈ గుర్తు స్వల్పముగా పెరుగుట కనుగొనిరి. కావున పరీక్షను మానవలెనని కాదు. అవసరమును, అపాయమును తూచి చేయవలెనని దీని భావము.

1940 నుండి సుబ్బారావు గారు లెడర్లె ప్రయోగశాలలో పరిశోధనలు నడపి, ఫోలిక్ ఆమ్లము, ఆరియోమైసిన్ మున్నగు మందులు లోకమునకు అందుటకు కారకులైరి. కండరముల శక్తిరహస్యము విప్పిన ఆ మహనీయుని గుండె 1948 ఆగస్టులో, 53 ఏండ్ల వయసున ఆగిపోయెను. రంగు రాకలోని చిన్న ఆలస్యమును ఉపేక్షింపని ఆ దృష్టియే ఆయన మనకు విడిచిపోయిన సంపద.