బూడిదలో పంట లెక్క చూసిన లీబిగ్

ఫ్రాంక్‌ఫర్ట్‌లో రైలెక్కితే గంటలోపే గీసెన్ వస్తుంది. అక్కడి యూనివర్సిటీకి జస్టస్ లీబిగ్ పేరు పెట్టారు. ఇక్కడ ఉద్యోగాలు చేసుకునే మనలో చాలామందికి ఆ పేరు స్టేషన్‌లో కనిపించే బోర్డు మాత్రమే. ఎరువు బస్తా మీది 14-35-14 అంకెలు చూస్తూ పెరిగినవాణ్ని కాబట్టి, నాకు ఆయన కథ మీద ఆసక్తి ఎక్కువ.

1803లో డార్మ్‌స్టాట్‌లో పుట్టారు. తండ్రిది రంగులు, రసాయనాల వ్యాపారం. ఆయనకు 13 ఏళ్లప్పుడు, 1816లో, ఐరోపాలో వేసవి రానేలేదు. పంటలు పోయి జనం ఆకలితో అల్లాడారు. తర్వాత పారిస్‌లో గే-లుసాక్ దగ్గర పనిచేసి, 21 ఏళ్లకే గీసెన్‌లో ప్రొఫెసరయ్యారు.

కుళ్లిన ఆకులు, పేడ కలిసిన నల్లమట్టే మొక్కకు తిండి అని అప్పట్లో చాలామంది పండితుల నమ్మకం. 1840లో రాసిన పుస్తకంలో లీబిగ్ దాన్ని కొట్టిపారేశారు. మొక్కలోని కార్బన్ గాలి నుంచి వస్తుంది. మొక్కను కాలిస్తే మిగిలే బూడిదలోని పొటాష్, భాస్వరం, సున్నం, మెగ్నీషియం మట్టి నుంచి వస్తాయి. ధాన్యం బస్తాలకెత్తి పట్నం పంపితే వాటితోపాటు ఈ ఖనిజాలూ పొలం దాటిపోతాయి. తిరిగి వేయకపోతే నేల నిస్సారమవుతుందన్నది ఆయన వాదన.

వీటిలో ఏది తక్కువైతే పంట అక్కడే ఆగిపోతుంది. ఈ సూత్రం ముందుగా కార్ల్ స్ప్రెంగెల్ చెప్పినదే అయినా, పేరు లీబిగ్‌కు దక్కింది. అది కాస్త అన్యాయమే. జింకు లోపించిన వరిమడిలో యూరియా ఎంత చల్లినా ఆకుల మీది తుప్పురంగు మచ్చలు పోవని మన రైతులకు తెలుసు. అదే సూత్రం.

1845లో లీబిగ్ సొంత ఎరువు ఇంగ్లండ్‌లో అమ్మకానికి వచ్చింది. వర్షానికి కొట్టుకుపోకూడదని ఖనిజాలను కరగని రూపంలోకి మార్చారు. వేరు పీల్చుకోగలిగేది నీళ్లలో కరిగినదాన్నే కదా! ల్యాబ్‌లో సరిపోయింది పొలంలో చతికిలబడింది, కొన్న రైతులు నష్టపోయారు. పైగా నత్రజని గాలి, వాన ద్వారా చాలినంత అందుతుందని ఆయన నమ్మకం. అది తప్పని రోథామ్‌స్టెడ్‌లో లాజ్, గిల్బర్ట్ గోధుమ పండించి చూపించారు. గిల్బర్ట్ గీసెన్‌లో లీబిగ్ దగ్గరే చదివిన శిష్యుడు! గురువుగారు ఏళ్ల తరబడి వాళ్లమీద కత్తి దూశారు. కరగని ఎరువు పొరపాటును మాత్రం తర్వాత ఒప్పుకున్నారు. అంత పేరున్న మనిషి అలా రాయడం నాకు పుస్తకం కన్నా పెద్ద విషయంగా తోస్తుంది.

1852లో మ్యూనిక్‌కు మారి, 1873లో అక్కడే కన్నుమూశారు. రోథామ్‌స్టెడ్‌లో 1843లో మొదలుపెట్టిన ఆ పొలంలో ఇప్పటికీ గోధుమ వేస్తున్నారు. ఒక మడికి మాత్రం నాటి నుంచి నేటి దాకా ఏ ఎరువూ వేయలేదు.