బ్లాటింగ్ కాగితంతో కాఫీ వడగట్టిన ఇల్లాలు

మా నిజామాబాద్ ఇళ్ళల్లో చాయ్‌దే రాజ్యం. కాఫీ తాగే నాలాంటివాళ్ళకి స్టీలు ఫిల్టరే దిక్కు. బోధన్ ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో అక్కడి చక్కెర రెండు చెంచాలు వేసుకున్నా, గ్లాసు అడుగున మడ్డి నోటికి తగిలిందా, కాఫీ చేదే!

ఈ చిరాకే జర్మనీలోని డ్రెస్డెన్‌లో మెలిట్టా బెంట్జ్ అనే ఇల్లాలికీ ఉండేది. 1873లో పుట్టిందావిడ. ఇద్దరు మగపిల్లల తల్లి. పొడి మరిగిస్తే మడ్డి, గుడ్డలో వడగడితే ఆ గుడ్డ ఉతకడం ఓ చాకిరీ. ఒకరోజు ఇత్తడి గిన్నె అడుగున మేకుతో చిల్లులు పొడిచి, పెద్దకొడుకు నోటుపుస్తకంలోని బ్లాటింగ్ కాగితం చింపి పరిచింది. పొడి వేసి వేడినీళ్ళు పోస్తే కాఫీ తేటగా దిగింది.

మనమైతే పక్కింటావిడకి చూపించి ఊరుకుందుము. ఆవిడ 1908 జూన్‌లో తన పేరునే పేటెంటు హక్కు రాయించుకుంది! డిసెంబరులో 73 ఫెనిగ్‌లతో, అంటే ముప్పాతిక మార్కు కూడా లేకుండా, ఇంట్లోనే కంపెనీ మొదలెట్టింది. భర్త హ్యూగో, పిల్లలే తొలి పనివాళ్ళు. పెట్టెలు తోపుడుబండి మీద చేరవేసింది ఆ పిల్లలే. 1909లో లీప్‌జిగ్ ప్రదర్శనలో 1200 ఫిల్టర్లు అమ్ముడయ్యాయి. మొదటి ప్రపంచయుద్ధంలో భర్త సైన్యంలోకి వెళ్ళాడు, కాగితానికీ కరువొచ్చింది. అప్పుడు అట్టపెట్టెలు అమ్మి సంసారం ఈదింది. 1929లో కంపెనీ మిండెన్‌కి మారింది. 1950లో ఆవిడ కన్నుమూసింది.

ఆ కాగితం ఫిల్టరుతో నేనూ చేసి చూశాను. పొడి మన ఫిల్టరు పొడికన్నా కాస్త బరకగా ఉండాలి. నీళ్ళు మరిగాక అరనిమిషం ఆగి, కొద్దికొద్దిగా పోయాలి. డికాక్షన్ పలచగా దిగుతుంది, పాలు ఎక్కువైతే తేలిపోతుంది. మడ్డి మాత్రం చుక్క లేదు.

మా ఆయన గ్లాసు ఖాళీ చేసి, చాయ్ ఎప్పుడు పెడతావన్నారు.