కాళ్ల కింది కంకరతో శిల్పాలు చేసిన రాంకింకర్

ఢిల్లీలో పార్లమెంట్ స్ట్రీట్ మీదుగా వెళ్తే రిజర్వు బ్యాంకు భవనం ముందు రెండు పెద్ద రాతి విగ్రహాలు కనిపిస్తాయి. ఒకటి యక్షుడు, రెండోది యక్షిణి. ద్వారపాలకులేమో అనుకుని చాలామంది తల తిప్పుకుని వెళ్లిపోతారు. నిజానికి యక్షుడు పరిశ్రమలకు, యక్షిణి పంటలకు గుర్తు. యక్షులకు రాజు కుబేరుడు కాబట్టి బ్యాంకు వాకిట్లో వాళ్లుండటం సబబే. వీటిని చెక్కిన శిల్పి రాంకింకర్ బైజ్. రాయి కొనే స్తోమత లేక ఆయన చాలా ఏళ్లు మట్టితో, సిమెంటుతో, ఎర్ర కంకరతోనే పని చేశారు. ఆయన పేరు నిలబెట్టినవి కూడా ఆ కంకర శిల్పాలే.

రాంకింకర్ 1906 మే 25న బెంగాల్‌లోని బాంకురాలో పుట్టారు. క్షురక వృత్తి చేసుకునే పేద కుటుంబం. ఆ వీధిలోనే కుమ్మరులూ, దుర్గ విగ్రహాలు చేసేవాళ్లూ ఉండేవారు. పిల్లవాడు వాళ్ల దగ్గరే కూర్చునేవాడు. గడ్డి చుట్టి, దాని మీద మట్టి మెత్తి, ఆ మట్టి ముద్దకు ముక్కూ కళ్లూ ఎలా వస్తున్నాయో చూసి, ఇంటికొచ్చి తనూ చేసేవాడు. బొమ్మలు వేయడానికి రంగులు కొనే డబ్బు ఎక్కడిది? ఆకు పసరు ఆకుపచ్చ, వంటింటి పసుపు పసుపురంగు, అమ్మ కాళ్లకు పెట్టుకునే పారాణి ఎరుపు, కుండ అడుగు మసి నలుపు. మేక వెంట్రుకలు పుల్లకు కడితే కుంచె. ఆర్ట్ పీరియడ్‌కు రంగుల డబ్బా మరిచిపోయి చేతులు కట్టుకుని కూర్చునే వాళ్లకు ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి!

సహాయ నిరాకరణోద్యమ కాలంలో ఈ కుర్రవాడు జాతీయ నాయకుల బొమ్మలు వేసేవాడు. అవి రామానంద చటర్జీ కంట పడ్డాయి. ఆయనదీ బాంకురాయే, ప్రవాసి, మోడరన్ రివ్యూ పత్రికలకు సంపాదకుడు. ఆయన చొరవతో 1925లో, పందొమ్మిదేళ్ల వయసులో, రాంకింకర్ శాంతినికేతన్ కళాభవన్‌లో చేరారు. అక్కడి గురువు నందలాల్ బోస్ ఈ కొత్త విద్యార్థి బొమ్మలు చూసి, నీకు వచ్చిందంతా ముందే వచ్చేసింది కదా, సరే, రెండు మూడేళ్లు ఉండు అన్నారట. రాంకింకర్ బతికినంత కాలం అక్కడే ఉండిపోయారు. అక్కడే గురువయ్యారు.

శాంతినికేతన్ నేల ఎర్రగా ఉంటుంది, నిండా మొరం. పెద్ద శిల్పానికి కంచు పోత పోయించాలంటే బోలెడు ఖర్చు. రాయి తెప్పించాలన్నా అంతే. ఆయన ఆ రెండింటి కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు. ఇనుప చువ్వలు వంచి ముందు అస్థిపంజరం నిలబెట్టేవారు. సిమెంటులో ఇసుక, ఎర్ర కంకర కలిపి గుప్పెళ్లతో దాని మీదికి విసిరేవారు. అది పూర్తిగా గట్టిపడేలోగా చెక్కి రూపం తేవాలి. ఎండలో, తాటాకు టోపీ పెట్టుకుని, ఆరుబయటే పని. సిమెంటు ఎవరి కోసమూ ఆగదు కాబట్టి చేయి కూడా ఆగకూడదు. ఆయన శిల్పాల ఒంటి మీద ఈ రోజుకీ ఆ గరుకుదనం, ఆ తొందర కనిపిస్తాయి. నున్నగా మెరిసే శిల్పాలకు అలవాటుపడ్డ కళ్లకు మొదట ఇది మోటుగా తోస్తుంది. నాకు మాత్రం ఆ మోటుదనమే వాటి అందం అనిపిస్తుంది.

1938లో ఇలాగే చేసిన శిల్పం ‘సంతాల్ కుటుంబం’. సంతాలులు ఆ చుట్టుపక్కల ఉండే గిరిజనులు, కూలి పని చేసుకునేవాళ్లు. ఒక కుటుంబం ఉన్నచోటు వదిలి మరో చోటికి నడిచి వెళ్తోంది. తండ్రి భుజం మీద కావడి. ఒక తట్టలో పిల్లవాడు. తల్లి తల మీద బరువు. పక్కనే వాళ్ల కుక్క కూడా నడుస్తోంది. వాళ్ల ఆస్తి మొత్తం అంతే.

ట్రాన్స్‌ఫర్ ఆర్డరు రాగానే ఇల్లంతా అట్టపెట్టెల్లోకి ఎక్కించడం తెలిసిన పిల్లలకు ఈ శిల్పం వేరేగా అర్థమవుతుంది. మన సామాను లారీలో వెళ్తుంది, మనం రైల్లో వెళ్తాం, చివర క్వార్టర్ ఉంటుంది. వాళ్లకు చివర ఏముందో శిల్పి చూపించలేదు. కానీ ఎవరి ముఖంలోనూ ఏడుపు లేదు. తలలెత్తుకుని, పెద్ద పెద్ద అంగలతో నడుస్తున్నారు. రాజులూ దేవుళ్లూ దొరలూ తప్ప మామూలు మనుషులు పెద్ద విగ్రహాలుగా నిలబడని కాలం అది. అలాంటప్పుడు ఆయన ఒక కూలి కుటుంబాన్ని నిలువెత్తుకు మించి నిలబెట్టారు. అదీ ఏ గదిలోనో కాదు, అందరూ నడిచే ఆరుబయట. మన దేశంలో ఆధునిక శిల్పం ఇక్కడే మొదలైందని చాలామంది అంటారు.

1956లో చేసిన ‘మిల్లు పిలుపు’లో ఫ్యాక్టరీ కూత విని పరుగెడుతున్న ఆడవాళ్లున్నారు. తడి చీర ఆరబెట్టుకునే తీరిక లేదు; పరుగెడుతుంటే గాలికి అదే ఆరాలి.

రిజర్వు బ్యాంకు పని కథ వేరు. ప్రభుత్వ భవనాల్లో మన కళాకారులకు చోటివ్వాలని నెహ్రూ సూచించడంతో ఆ అవకాశం వచ్చింది. ఈసారి రాయి కావాలి. రాంకింకర్ ముందు మ్యూజియంలకు వెళ్లారు. మథుర మ్యూజియంలో పార్ఖం అనే ఊళ్లో దొరికిన రెండు వేల ఏళ్ల నాటి యక్షుడు ఉన్నాడు. కలకత్తా మ్యూజియంలో బెస్‌నగర్ యక్షిణి ఉంది. వాటిని చూసి, వాటి నిండుదనం పట్టుకుని, తన కాలానికి తగ్గట్టు మార్చుకున్నారు. తగిన రాయి చివరికి కాంగ్రా లోయలో దొరికింది. కొండ పగలగొట్టించడం, అంతంత బండలను ఢిల్లీకి చేర్చడం, చెక్కడం అన్నీ కలిసి దాదాపు పదేళ్లు పట్టింది. గుప్పెళ్లతో కంకర విసిరి పని కానిచ్చే మనిషికి అది ఎంత పరీక్షో ఊహించుకోవచ్చు.

మ్యూజియంలో చూసిన దాన్ని ఇంట్లో చేయాలనే సరదా మనకూ ఉంటుంది. సెలవుల్లో హైదరాబాదు వెళ్లి సాలార్‌జంగ్ మ్యూజియంలో గాజు సామాను చూసొస్తే చేతులు ఊరుకోవు. గాజు కరిగించాలంటే వెయ్యి డిగ్రీలు దాటే కొలిమి కావాలి. ఆ దారి మనకు లేదు. కానీ కూల్‌డ్రింక్ సీసా అడుగు చూడండి, ఐదు రేకుల పువ్వు దానంతటదే ఉంటుంది. పెద్దవాళ్లతో కోయించి, పర్మనెంట్ మార్కర్‌తో రంగులు వేసి, దారం కట్టి కిటికీలో వేలాడదీస్తే ఎండ పడినప్పుడు గోడ మీద రంగు నీడ పడుతుంది. మనిషి బొమ్మ కావాలంటే రాంకింకర్ పద్ధతే: సన్న తీగతో అస్థిపంజరం వంచి, చించిన వార్తాపత్రికను మైదా జిగురులో తడిపి పొరలుగా అంటించాలి. సిమెంటు జోలికి మాత్రం వెళ్లకండి, చర్మం కాలుతుంది. సామాను విప్పాక మిగిలిన అట్టముక్కలూ, థర్మోకోలూ పారేయకుండా దాచుకుంటే సగం సరుకు చేతిలో ఉన్నట్టే.

1970లో భారత ప్రభుత్వం రాంకింకర్‌కు పద్మభూషణ్ ఇచ్చింది. 1976లో విశ్వభారతి దేశికోత్తమ బిరుదుతో గౌరవించింది. వీటివల్ల ఆయన జీవితం పెద్దగా మారలేదు. ఇంటి పైకప్పు కారుతుంటే తాను వేసిన తైలవర్ణ చిత్రాలనే పైన కప్పేవారు. 1975లో సినిమా దర్శకుడు రిత్విక్ ఘటక్ ఆయన మీద డాక్యుమెంటరీ మొదలుపెట్టారు, అది పూర్తి కాలేదు. 2012లో ఢిల్లీలోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్ ఆయన పనులతో పెద్ద ప్రదర్శన పెట్టింది.

1980 మార్చిలో జబ్బు చేసి కలకత్తాలో ఆసుపత్రిలో చేరారు. అక్కడ మంచం మీదే ఒక చిన్న దుర్గ బొమ్మ చేశారు. అదే ఆయన చివరి శిల్పం. ఆగస్టు 2న కన్నుమూశారు.