తిరునెల్వేలి నుంచి డోర్నకల్‌కు

ఖమ్మంలో రైలెక్కి వరంగల్ వైపు వెళ్తుంటే కొద్దిసేపటికే డోర్నకల్ జంక్షన్ వస్తుంది. ఇక్కడే ఒక లైను విడిపోయి బొగ్గుగనుల దిక్కుగా, భద్రాచలం అడవుల దిక్కుగా సాగుతుంది. రైల్లో వెళ్లేవారిలో చాలామందికి డోర్నకల్ అంటే ఇంజను మారే స్టేషన్, టీ తాగే స్టేషన్. కాని 1909లో ఒక తమిళ కుటుంబం తన సొంత ఊరిని, బంధువులను, పేరున్న ఉద్యోగాన్ని వదిలి కాపురం ఉండడానికి ఎంచుకున్న చోటు ఇదే. ఆ ఇంటి యజమాని పేరు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. మూడేళ్ల తర్వాత ఆయన ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ అయ్యాడు. తెలుగు క్రైస్తవుల ఇళ్లలో బిషప్ అజరయ్యగారి పేరు వినని పెద్దలు అరుదు. అయితే ఆయన మనవాడు కాదనీ, మన భాష రాకుండానే మన మధ్యకు వచ్చాడనీ మనకు అంతగా గుర్తుండదు.

తమిళులు మనకు పొరుగువారే కదా, ఇందులో పరాయితనం ఏముంది అనిపించవచ్చు. ఆనాటి పరిస్థితి వేరు. తిరునెల్వేలి బ్రిటిష్ వారి మద్రాసు రాజధానిలో ఉంది. డోర్నకల్ నిజాం సంస్థానంలో ఉంది. సర్కారు వేరు, కచేరీ భాష ఉర్దూ, చెల్లే నాణెం కూడా వేరు. అక్కడి రూపాయి ఇక్కడ హాలీ సిక్కాగా మార్చుకోవలసిందే. పల్లెల్లో తెలుగు తప్ప మరో భాష నడవదు. వరి అన్నం తిని పెరిగినవారికి ఇక్కడి పేదవాడి పూట జొన్న సంకటి, జొన్న రొట్టె. చుట్టూ అడవి, అడవిలో పులులు, వాటికంటే ప్రమాదమైన మలేరియా. ఇక ఖమ్మం ఎండల గురించి మనం ఒకరికొకరం చెప్పుకోనక్కర్లేదు. తిరునెల్వేలి క్రైస్తవులు ఈ ప్రాంతానికి సేవకులను పంపినప్పుడు పరదేశానికి పంపుతున్నామనే అనుకున్నారంటే అందులో అతిశయోక్తి లేదు.

అజరయ్య 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి జిల్లాలోని వెల్లాలన్‌విలై అనే చిన్న పల్లెలో జన్మించాడు. తండ్రి థామస్ వేదనాయగం ఆ ఊరి సంఘ గురువు. తల్లి ఎలెన్ కుమారుని కోసం హన్నా వలె ఏళ్ల తరబడి ప్రార్థించిందని చెబుతారు. తండ్రి త్వరగానే కన్నుమూశాడు. చదువు మద్రాసు క్రైస్తవ కళాశాల దాకా సాగింది గాని, చివరి పరీక్షల వేళ జబ్బుపడి పట్టా లేకుండానే బయటికి వచ్చాడు. తర్వాతి కాలంలో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమే ఆయనకు గౌరవ పట్టా ఇచ్చింది, అది వేరే సంగతి.

1895లో వైఎంసీఏలో కార్యదర్శిగా చేరాడు. ఊరూరా తిరుగుతూ యువకుల మధ్య పనిచేశాడు. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను వివాహం చేసుకున్నాడు. దక్షిణాదిలో కళాశాల మెట్లెక్కిన తొలితరం క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు.

1902లో అజరయ్య శ్రీలంకలోని జాఫ్నాకు వెళ్లాడు. అక్కడి తమిళ క్రైస్తవులు తెల్లవారి మీద ఆధారపడకుండా, సొంత డబ్బుతో, సొంత మనుషులతో సువార్త పరిచర్య నడుపుతున్నారు. తిరునెల్వేలి సంఘం వారికంటే చాలా పెద్దది, అయినా అటువంటి పని ఒక్కటీ లేదు. ఇది ఆయన మనసును కలచివేసింది. తిరిగి వచ్చి మిత్రులను కూడగట్టి 1903 ఫిబ్రవరిలో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించాడు. ధనం భారతీయులదే, సేవకులు భారతీయులే, నిర్వహణ భారతీయులదే. 1905 క్రిస్మస్ రోజున శ్రీరాంపూర్‌లో ఏర్పడిన నేషనల్ మిషనరీ సొసైటీ వెనుక కూడా ఆయన ఉన్నాడు.

మరి మనుషులను ఎక్కడికి పంపాలి? ఎవరూ పనిచేయని చోటికి. వెతగ్గా వెతగ్గా కనిపించింది నిజాం సంస్థానపు ఈ తూర్పు అంచు. 1904లో శామ్యూల్ పాక్యనాథన్ అనే యువకుడు తొలి మిషనరీగా డోర్నకల్ వచ్చాడు.

ఈ అడవి ప్రాంతానికి సువార్త అప్పుడే కొత్తగా వచ్చిందని కాదు. గోదావరికి అవతల, బ్రిటిష్ వారి కింద ఉన్న భద్రాచలం తాలూకాలో, దుమ్ముగూడెం మిషన్ అప్పటికే నలభై ఏళ్లుగా నడుస్తోంది. దాని కథ కూడా ఆసక్తికరమైనదే. కాటన్ దొర శిష్యుడు, కోనసీమలో గన్నవరం అక్విడక్టు కట్టిన ఇంజనీరు హేగ్ దొర 1860 ప్రాంతంలో గోదావరి పడవ రవాణా పనుల మీద దుమ్ముగూడెంలో మకాం వేశాడు. ఆనకట్ట పని మధ్య కోయవారిని చూసి వారికోసం మిషనరీలను అడిగాడు. ఆయన శాఖలోనే పనిచేసిన వెంకట్రామరాజు అనే తెలుగువాడు క్రీస్తును నమ్మి ఆ మిషన్‌కు పునాది అయ్యాడు. తర్వాత జాన్ కెయిన్ అక్కడ ఏళ్ల తరబడి ఉండి కోయ భాష నేర్చుకుని, కోయల ఆచారాల గురించి పత్రికల్లో రాశాడు. పడవల పథకాన్ని సర్కారు 1870లలో వదిలేసింది, మిషన్ మాత్రం మిగిలింది. గోదావరికి ఇవతల డోర్నకల్, ఇల్లెందు చుట్టుపక్కల పల్లెలకు మాత్రం ఎవరూ రాలేదు.

అయిదేళ్లు గడిచాయి. అజరయ్య సొసైటీ కార్యదర్శిగా ఊరూరా తిరిగి యువకులను డోర్నకల్‌కు రమ్మని పిలుస్తున్నాడు. తాను మాత్రం మద్రాసులో ఉంటున్నాడు. 1907లో టోక్యోలో జరిగిన ప్రపంచ విద్యార్థి సమాఖ్య సభలకు కూడా వెళ్లివచ్చాడు. ఇతరులను పంపుతూ తాను వెళ్లకపోవడం సరైనదా అన్న ప్రశ్న ఆయనను వదల్లేదు. 1909లో వైఎంసీఏ పదవి వదులుకుని, గురువుగా అభిషేకం పొంది, భార్యాపిల్లలతో డోర్నకల్ చేరుకున్నాడు. అప్పటికి ఆయన వయసు ముప్ఫై అయిదు.

ముప్ఫై అయిదేళ్ల వయసులో కొత్త భాష నేర్చుకోవడం ఎంత కష్టమో మనలో దుబాయ్‌కో, బెంగళూరుకో బతుకుతెరువు కోసం వెళ్లినవారికి తెలుసు. ఆయన ఇంగ్లీషులో వేలమందిని కదిలించగల వక్త. తమిళంలో పండితుల్ని ఒప్పించగలవాడు. ఇక్కడ మాత్రం మాలపల్లెలో ఒక ముసలమ్మ ఏదైనా అడిగితే జవాబు చెప్పడానికి తడుముకోవలసిన స్థితి. తమిళం, తెలుగు అక్కాచెల్లెళ్లే గాని అక్క మాట చెల్లికి అర్థం కాదు. అయినా ఆయన పట్టుబట్టి నేర్చుకున్నాడు. అనువాదకుణ్ణి పక్కన పెట్టుకుని జీవితమంతా గడిపిన దొరలు లేకపోలేదు. అజరయ్య ఆ దారి ఎన్నుకోలేదు. తెలుగులోనే బోధించాడు, ఎడ్లబండి మీద పల్లెపల్లెకూ తిరిగాడు, డేరాల్లో పడుకున్నాడు.

డోర్నకల్‌కు వచ్చిన మరుసటి ఏడే, 1910లో, ఎడిన్‌బరో నగరంలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అజరయ్యకు ఇచ్చిన అంశం విదేశీ సేవకులకూ స్థానిక సేవకులకూ మధ్య సహకారం. వందలాది తెల్ల మిషనరీల ఎదుట ఆయన ఉన్నమాట చెప్పాడు. మీ త్యాగాలు కాదనము, మీ డబ్బు, మీ శ్రమ మేమెరుగుదుము, కాని మీరు మాకు స్నేహితులు కాలేదు అన్న అర్థం వచ్చేలా మాట్లాడాడు. ఏళ్ల తరబడి కలిసి పనిచేసిన భారతీయ సహోదరుణ్ణి ఒక పూట భోజనానికి కూడా పిలవని మిషనరీలున్నారన్న చేదు నిజాన్ని వారి ముందు పెట్టాడు. సభలో కొందరు ముఖం ముడుచుకున్నారు. కొందరు తలవంచుకున్నారు.

ఈ ప్రసంగాన్ని తెల్లవారికి పెట్టిన గడ్డిగానే చాలామంది చెప్పుకుంటారు. మనకు మాత్రం ఇందులో మరొక సంగతి కనబడుతుంది. ఆ మాటలన్న మనిషి ఓడ దిగి వెళ్లవలసింది డోర్నకల్‌కు. అక్కడ విదేశీ సేవకుడు ఆయనే. చదువుకున్నవాడు, ప్రపంచం చూసినవాడు, భాష వేరైనవాడు. ఎదుట ఉన్నవారు దొరల దగ్గరా దేశముఖుల దగ్గరా చేతులు కట్టుకుని నిలబడడమే ఎరిగిన మాలలు, మాదిగలు. ఎడిన్‌బరోలో తాను అడిగినది ఇక్కడ తాను ఇవ్వగలడా? ఆయన మిగిలిన ముప్ఫై అయిదేళ్లూ ఈ ప్రశ్నకు జవాబుగానే చూడాలని మా అభిప్రాయం.

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో ఆయనకు బిషప్‌గా అభిషేకం జరిగింది. మద్రాసు బిషప్ వైట్‌హెడ్ పట్టుదల లేకపోతే ఇది జరిగేది కాదు. భారతీయుడి కింద తెల్లవారు పనిచేయడమా అని మిషనరీల్లో కొందరు అడ్డుపడ్డారు. అంతకంటే బాధాకరం, స్వదేశీ క్రైస్తవుల్లోనే కొందరు ఆయన పుట్టిన నాడార్ కులాన్ని ఎత్తిచూపారు. ఆయనకు అప్పగించిన డోర్నకల్ డయోసిస్ మొదట్లో చాలా చిన్నది. భారతీయ గురువులు ఆరుగురే. 1920 ప్రాంతంలో కృష్ణా జిల్లా, ఖమ్మం, దుమ్ముగూడెం మిషన్లు కూడా ఆయన కిందికి వచ్చాయి. హేగ్ దొర వేసిన మొక్కకు చివరికి ఒక భారతీయుడు కాపరి అయ్యాడన్నమాట.

ఆయన చేసిన పనుల్లో గొప్పది ఏదంటే పల్లె ఉపదేశుల తయారీ అని చెప్పాలి. తిరునెల్వేలి నుంచి తమిళులను దించుకుంటూ పోవడం సులువు. ఆయన తెలుగు పల్లెల బిడ్డలనే తీసుకుని చదివించాడు. డోర్నకల్ వేదపాఠశాలకు మగవారు ఒంటరిగా రావడం కాదు, భార్యలతో సహా వచ్చేవారు. ఆమెకు కూడా చదువు, ఆమెకు కూడా పాఠాలు. ఆ స్త్రీల మధ్య మరియమ్మాళ్ అమ్మగారి పరిచర్య వేరే వ్యాసానికి తగినంత ఉంది. అక్షరం ముక్క రాని ఇళ్ల నుంచి వచ్చిన ఆ దంపతులు తిరిగి వెళ్లి రాత్రి బడులు పెట్టారు, ప్రార్థన నేర్పారు, ఊరి తగాదాలు తీర్చారు. 1930ల నడిమికి గురువుల సంఖ్య రెండు వందలు దాటింది. 1941 నాటికి డయోసిస్‌లో విశ్వాసులు 2 లక్షల 25 వేలు. జపాన్, కొరియా, చైనా మూడు దేశాల ఆంగ్లికన్లందరినీ కలిపినా అంతమంది లేరని చరిత్రకారులు లెక్కగట్టారు.

ఆయన మెత్తని మనిషి కాదు. బాప్తిస్మం పొందినవాడు తాగకూడదు, మాలలూ మాదిగలూ ఒకే పాత్రలో ప్రభువు బల్ల తీసుకోవాలి అనేవాడు. ఈ రెండో నియమం వద్ద ఎన్ని సంఘాలు తడబడ్డాయో, ఇప్పటికీ తడబడుతున్నాయో మనకు తెలుసు. పేదలు కదా అని చందా మాఫీ చేయలేదు. డబ్బు లేకపోతే వంటకు బియ్యం కొలిచేటప్పుడు పిడికెడు తీసిపెట్టండి, కోడి పెడితే గుడ్డు తెండి, పంట వస్తే గంపెడు తెండి అన్నాడు. కానుకలిచ్చేవాడు ఎవరి ముందూ తలవంచనక్కర్లేదన్నది ఆయన నమ్మకం. 1939లో క్రైస్తవ దాతృత్వం మీద ఆయన రాసిన పుస్తకం పుట్టింది ఈ పిడికిళ్ల నుంచే.

ఆ ఏడాది జనవరి 6న డోర్నకల్‌లో ఎపిఫనీ కెథడ్రల్ ప్రతిష్ఠ జరిగింది. పాతికేళ్లు పట్టింది కట్టడానికి. చూసినవారికి తెలుసు, అది ఇంగ్లాండు చర్చిలా ఉండదు. మసీదును తలపించే గుమ్మటాలు, మినార్లు, గుడి మంటపాన్ని తలపించే స్తంభాలు, చెక్కిన తామరలు. నిజాం నేల మీద తెలుగు పల్లెవాడు లోపలికి వచ్చి, ఇది నాకు తెలిసిన చోటే అనుకోవాలని ఆయన ఉద్దేశం. ఆరాధనలో తెలుగు కీర్తనలకు, కోలాటానికి, కోత పండుగకు చోటిచ్చింది కూడా అందుకే.

1930లలో మతమార్పిడి విషయమై గాంధీజీతో ఆయనకు గట్టి విభేదం వచ్చింది. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్న విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే దారి. ఆ వివాదం పెద్దది, ఇక్కడ విస్తరించము.

1919లో తరంగంబాడిలో మొదలైన సంఘ ఐక్యత చర్చల్లో ఆయన మొదటినుంచీ ముందు నిలిచాడు. దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆవిర్భవించింది. ఆ రోజు చూడడానికి ఆయన లేడు. 1945 జనవరి 1న, కొద్దిపాటి జబ్బు తర్వాత, డోర్నకల్‌లోనే కన్నుమూశాడు. అప్పటికి ఇక్కడికి వచ్చి ముప్ఫై అయిదేళ్లు దాటింది. తిరునెల్వేలికి తీసుకెళ్లలేదు. తెలుగు విశ్వాసులు ఆయనను డోర్నకల్ మట్టిలోనే సమాధి చేశారు.