ఆకులోని మందు: యల్లాప్రగడ సుబ్బారావు జీవితం

ఈ సంచికకు ఎవరైనా మహనీయుని గురించి రాయమని అడిగితే నాకు మా పెరట్లో తోటకూర మడి గుర్తొచ్చింది. ఎందుకో చెప్తాను.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఇంట్లో లేమి. కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి సంపాదిద్దామని చిన్నతనంలోనే ఇల్లు విడిచి బయలుదేరితే పట్టి వెనక్కి తెచ్చారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. (సప్లిమెంటరీ రాసే తమ్ముళ్లు గమనించగలరు!) మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు గౌను వేసుకున్నందుకు ఆచార్యుని కోపానికి గురై, ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతోనే బయటికొచ్చారు.

ఆయన ఇద్దరు అన్నదమ్ములు కొద్దిరోజుల తేడాలో స్ప్రూ అనే జబ్బుతో పోయారు. అది వస్తే తిన్నది ఒంటపట్టదు, రక్తం క్షీణిస్తుంది. ఆయనకూ సోకింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు. తర్వాత అమెరికా చేరి, బోస్టన్ ఆసుపత్రిలో రాత్రిళ్లు రోగుల మలమూత్రాల పాత్రలు కడుగుతూ చదువుకున్నారు. 1940లో లెడర్లీ సంస్థలో చేరారు. 1941లో టెక్సాస్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు పాలకూర నుంచి ఒక విటమిన్ తీసి, లాటిన్‌లో ఆకు అనే మాటమీద ఫోలిక్ ఆసిడ్ అని పేరు పెట్టారు. దాన్ని 1945లో సుబ్బారావు గారి బృందం ప్రయోగశాలలో తయారు చేసింది. స్ప్రూకు అదే మందయింది. అన్నదమ్ములకు మాత్రం అందలేదు. మన జిల్లాలో బోదకాలు రాకుండా పంచిన డి.ఇ.సి. మాత్ర కూడా ఆయన బృందం పరిశోధనే. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, స్వదేశం తిరిగి చూడకుండానే కన్నుమూశారు.

ఇక మా ఇంటి సంగతి. మా అమ్మ పలాసలో జీడిపప్పు ఒలిచే కూలి. అక్కకు తొలికాన్పులో రక్తం లేదని టెక్కలి తీసుకెళ్లారు. నర్సమ్మ ఇచ్చిన మాత్రల అట్టమీద ఐరన్ పక్కన ఫోలిక్ ఆసిడ్ అని ఉంది. అప్పుడు నాకు అర్థం కాలేదు, డిగ్రీలో తెలిసింది. అక్క మాత్రలు మానలేదు. అమ్మ కొబ్బరిచెట్ల నడుమ మంచమంత జాగాలో పెంట వేసి తోటకూర, బచ్చలి చల్లింది. ఉద్దానం ఇసుక నేలలో నీళ్లు నిలవవు కాబట్టి పూటపూటకీ చెంబుతో తడపాలి. మూడు నాలుగు వారాలకే తోటకూర కోతకొచ్చింది. బజారులో కట్ట కొనే పని తప్పింది.

ఒక మాట. ఆకుకూర ఎక్కువసేపు ఉడికిస్తే, ఉడికిన నీళ్లు పారబోస్తే ఫోలిక్ ఆసిడ్ చాలావరకు పోతుంది. మనవైపు కిడ్నీ జబ్బు ఇళ్లు ఎక్కువ. అలాంటివారికి ఆకుకూరల్లోని పొటాషియం హాని చేయవచ్చు, డాక్టరునడిగే పెట్టాలి.

మన హాస్టల్ కుళాయి దగ్గర కంచాలు కడిగిన నీళ్లు ఊరికే పారుతున్నాయి. తోటకూర, గోంగూర విత్తనాలు పొట్లం కట్టి వార్డెన్ గారి చేతికిచ్చాను. మడి తవ్వడానికి ఆదివారం నేనూ వస్తాను, గునపం ఒకటే ఉంది, ఇంకోటి చూడండి.