ఆరు కిలోబైట్ల కంప్యూటరు

హైదరాబాదులో ఎ.ఎస్.రావు నగర్ పేరు విననివాళ్లు తక్కువే. మన పెందుర్తి నుంచి ఉద్యోగాలకని వెళ్లిన పిల్లలు కూడా అక్కడ అద్దెకుంటుంటారు. ఆ రావుగారెవరని అడిగి చూడండి, ఎవరో పాతకాలపు మంత్రి అనేస్తారు! కాదండీ. కంప్యూటరంటే విదేశాల నుంచే రావాలనుకున్న రోజుల్లో, మన దగ్గరే తయారుచేసి అమ్మవచ్చని చేసి చూపించిన పెద్దమనిషి ఆయన. పూర్తిపేరు అయ్యగారి సాంబశివరావు.

పుట్టింది 1914 సెప్టెంబరు 20న, పశ్చిమ గోదావరి జిల్లా భీమవరం దగ్గర మోగల్లులో. మోగల్లంటే అల్లూరి సీతారామరాజు స్వగ్రామం. రాజుగారు పుట్టింది మాత్రం మన విశాఖ వైపు, పద్మనాభం దగ్గరున్న పాండ్రంగిలోనే లెండి. 1924లో రాజుగారిని కాల్చి చంపేనాటికి ఈ సాంబశివరావు తొమ్మిదేళ్ల కుర్రాడు.

చదువు కోసం కాశీ వెళ్లాడు. బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చేసి, అక్కడే పాఠాలు చెప్పుకుంటూ కొన్నేళ్లు ఉన్నాడు. 1946లో టాటా స్కాలర్‌షిప్పు రావడంతో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌కి ప్రయాణమయ్యాడు. ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో పట్టా పుచ్చుకుని తిరిగొచ్చి హోమీ భాభా దగ్గర చేరాడు. అక్కడే ఉండిపోయినా అడిగేవాళ్లు లేరు కదా! వచ్చేశాడు.

భాభా బృందంలో ఈయన పని ఎలక్ట్రానిక్స్. 1956లో ట్రాంబేలో అప్సర అణు రియాక్టరు పనిచేయడం మొదలుపెట్టినప్పుడు దాని అదుపు వ్యవస్థ చూసుకున్నది ఈయన విభాగమే. రియాక్టరుకి లెక్కపెట్టే పరికరాలు కావాలి, కొలిచే పరికరాలు కావాలి, ప్రమాదమనిపిస్తే ఠక్కున ఆపే పరికరాలు కావాలి. అన్నీ కొని తెచ్చుకుంటే ఒక్క చిన్న ముక్క పాడైనా ఓడ వచ్చేదాకా చేతులు ముడుచుకు కూర్చోవలసిందే. అందుకే అక్కడివాళ్లు వాటిని స్వయంగా చేసుకోవడం నేర్చుకున్నారు. ఈ సంగతి మనకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మిక్సీ కొనేటప్పుడు రంగు చూసి మురిసిపోయి, తర్వాత జారు దొరక్క ఊరంతా తిరిగినవాళ్లం కదూ! కంప్యూటరు కొనేటప్పుడైనా అంతే. బ్యాటరీ పోతే మన ఊళ్లో దొరుకుతుందా, విప్పి బాగుచేసేవాడున్నాడా అని ముందు కనుక్కోవడం మంచిదని నా అభిప్రాయం.

దేశానికి ఎలక్ట్రానిక్స్ ఎలా రావాలో ఆలోచించడానికి 1963లో భాభా అధ్యక్షతన ఒక సంఘం వేశారు. అందులో విక్రమ్ సారాభాయ్‌తో పాటు ఇద్దరు తెలుగువాళ్లున్నారు. ఒకరు వాల్తేరులో మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెప్పిన సూరి భగవంతంగారు, రెండోవారు సాంబశివరావుగారు. 1966 జనవరిలో భాభా విమాన ప్రమాదంలో పోయారు. ఆ మరుసటి ఏడు, 1967 ఏప్రిల్‌లో, హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ వెలిసింది. అదే ఇ.సి.ఐ.ఎల్. దాన్ని నడిపే బాధ్యత సాంబశివరావుగారి మీద పడింది. అప్పటికి ఆయనకి యాభై దాటాయి. ప్రయోగశాలలో ఒక పరికరం చేయడం వేరు, ఫ్యాక్టరీ పెట్టి, జీతాలిచ్చి, వందల సంఖ్యలో చేసి అమ్మడం వేరు. ఆ వయసులో ఈ రెండో పనికి దిగాడాయన.

ట్రాంబేలో రూపుదిద్దుకున్న టీడీసీ-12 కంప్యూటరు 1969లో బయటికొచ్చింది. టీడీసీ అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. దాన్ని తయారుచేసి అమ్మే పని ఇ.సి.ఐ.ఎల్. చేపట్టింది. దాని జ్ఞాపకశక్తి ఎంతో తెలుసా? ఇప్పటి లెక్కలో ఆరు కిలోబైట్లు! మీరు చదువుతున్న ఈ వ్యాసంలో సగం కూడా అందులో పట్టదు. నాలుగు జీబీ ర్యామున్న మామూలు సెల్‌ఫోను దానికి దాదాపు ఏడు లక్షల రెట్లు. అప్పట్లో ఆ జ్ఞాపకం చిప్పుల్లో ఉండేది కాదు. సన్నటి తీగలకి చిన్నచిన్న అయస్కాంతపు రింగులు పూసల్లా గుచ్చేవాళ్లు. ఒక్కో రింగుకి ఒక్కో బిట్టు చొప్పున దీని లెక్కకి 49,152 రింగులు. అమెరికా ఫ్యాక్టరీల్లో ఈ గుచ్చే పని ఎక్కువగా ఆడవాళ్లే చేసేవారు. అంత ఓపిక ఇంకెవరికుంటుంది చెప్పండి?

తర్వాత టీడీసీ-312, 316 వచ్చాయి. ఇంట్లో పెట్టుకునే కంప్యూటర్లు కావివి. పరిశోధనశాలలకి, పెద్ద ఆఫీసులకి వెళ్లేవి. ఆడవాళ్లకి ఇ.సి.ఐ.ఎల్. పేరు తెలిసింది టీవీ వల్లే. 1975లో ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకి కార్యక్రమాలు చూపించారు. అందులో మన రాష్ట్రం కూడా ఉంది. ఆ సెట్లు చేసింది ఇ.సి.ఐ.ఎల్. సంస్థే. ఆ తర్వాత ఇ.సి. టీవీ మధ్యతరగతి ముందుగదుల్లోకొచ్చి కూర్చుంది.

అంతా మెచ్చుకోళ్లే అనుకోకండి. డెబ్భైలలో విదేశీ కంప్యూటరు తెప్పించుకోవాలంటే ప్రభుత్వం అనుమతి కావాలి. స్వదేశీదే కొనమంటారు. అది ఖరీదనీ, రావడం ఆలస్యమనీ, సాఫ్ట్‌వేరు చాలదనీ కొన్నవాళ్లు గొణిగారు. ఆ గొణుగుడులో నిజముంది. ఒకే దుకాణం ఉన్న ఊళ్లో సరుకు ఎలా ఉంటుందో మనకి తెలీదా? అటు ఐబీఎం చూడబోతే, వాడి పక్కనపెట్టిన యంత్రాలకి మెరుగులు దిద్ది మనకి అద్దెకిచ్చేది. 1978లో ప్రభుత్వం షరతులకి ఒప్పుకోక దేశం విడిచి వెళ్లిపోయింది. దాని యంత్రాలు పెట్టుకున్న ఆఫీసుల్లో వాటిని బాగుచేసేవాళ్లు కావలసివచ్చారు. అప్పుడు తెలిసింది, కంప్యూటరు పొట్ట విప్పి చూసిన మనుషులు ఈ దేశంలో ఉండడం ఎంత అవసరమో! నన్నడిగితే సాంబశివరావుగారు తయారుచేసిన అసలు సరుకు ఆ మనుషులే. ప్రైవేటు కంపెనీలు వచ్చి చవకగా కంప్యూటర్లు అమ్మడం తర్వాతి మాట.

1960లో పద్మశ్రీ, 1965లో భట్నాగర్ బహుమతి, 1972లో పద్మభూషణ్ వచ్చాయి ఆయనకి. 2003 అక్టోబరు 31న కన్నుమూశారు.

ఓటు మిషను నమూనాని ఇ.సి.ఐ.ఎల్. 1979లోనే చేసింది. ఆ సంస్థా, బెంగుళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థా కలిసి వాటిని దేశానికంతా సరఫరా చేశాయి. 2004 లోక్‌సభ ఎన్నికల్లో మొదటిసారి దేశంలోని అన్ని నియోజకవర్గాల్లోనూ మిషన్ల మీదే ఓట్లు పడ్డాయి. పెందుర్తి బడుల ముందు ఎండలో వరసలో నిలబడి, అంతవరకూ కంప్యూటరు మీట ముట్టుకోని అత్తగార్లు కూడా లోపలికెళ్లి టక్కున మీట నొక్కి వచ్చారు. ఆయన పోయి అప్పటికి ఆరు నెలలు.