మట్టితట్ట మోసిన రాజు

కల్దీయుల ఊరు అనగానే మనకు అబ్రాహాము జ్ఞాపకము వచ్చును (ఆది. 11:31). ఇరాకు దేశమందలి ఊరు అను ప్రాచీన పట్టణములో క్రీ.పూ. 2112 ప్రాంతమున ఊర్నమ్ము రాజాయెను. గూతీయుల చేత చెదరిన సుమేరు దేశము అతని కాలమున మరల తల యెత్తెను.

చంద్రదేవతయైన నన్న పేరిట అతడు గొప్ప మెట్ల గోపురము కట్టనారంభించెను. దాని అడుగుభాగము సుమారు 62 మీటర్ల పొడవు, 43 మీటర్ల వెడల్పు. లోపల పచ్చి ఇటుకలు. వెలుపల మట్టికీలుతో అతికిన కాల్చిన ఇటుకలు. లోని తేమ పోవుటకు గోడలలో రంధ్రములు విడిచిరి. బాబెలు కట్టినవారి సామగ్రియు ఇటుకయు మట్టికీలునే గదా (ఆది. 11:3).

అతడు కట్టించిన గుడుల పునాదులలో పాతిన లోహపు బొమ్మలలో రాజే నెత్తిన మట్టితట్ట మోయుచున్నాడు. విధవరాలిని, తండ్రిలేనివానిని బలవంతుల చేతికి విడువలేదని అతని పేరిట నిలిచిన ధర్మశాసనము తెలుపుచున్నది.

పదునెనిమిది ఏండ్లు ఏలిన ఊర్నమ్ము యుద్ధమున పడెనని సుమేరు కావ్యమొకటి చెప్పును. గోపురమును కుమారుడైన షుల్గి ముగించెను. దావీదు తలంచిన మందిరమును సొలొమోను కట్టలేదా?

ప్రియులారా, పని మొదలుపెట్టినవాడు ముగింపు చూడకపోవచ్చును. అయినను తట్ట ఎత్తుటకు రాజు సిగ్గుపడలేదు. మన ఊరి విధవరాలి గోడ కూలినప్పుడు మనము సిగ్గుపడుదుమా?